‘మంకీరెంచర్’ అనే మాటకు కర్త ఎవరు?

పదశోధి: అడవులు నరికే యంత్రాలను, ఆనకట్టల పనులను రహస్యంగా చెడగొట్టే పర్యావరణవాదిని అమెరికాలో ‘మంకీరెంచర్’ అంటారు. మంకీ రెంచ్ అంటే మర తిప్పి దవడల ఎడం సరిచేసుకునే పానా. దానిని 1858 ప్రాంతంలో చార్లెస్ మాంకీ అనే అమెరికన్ కనిపెట్టాడనీ, అతడి పేరే మాటకు మూలమనీ చాలాచోట్ల చదివాను. ఇది నిజమేనా?

కొండవాగు: తేదీల దగ్గరే ఆ కథ కూలిపోతుంది, పదశోధి గారూ. ‘మంకీ రెంచ్’ 1807 నాటికే ఇంగ్లండులో రాతకెక్కింది. మన చర్చకు పానా పుట్టుక కన్నా, అది మనిషి మీదికి ఎలా మళ్లిందన్నదే ముఖ్యం. తిరిగే పళ్లచక్రాల మధ్య పానా పడితే యంత్రం ఆగిపోతుంది గనుక, సాగుతున్న పనికి అడ్డుపుల్ల వేయడాన్ని ‘యంత్రంలోకి మంకీ రెంచ్ విసరడం’ అనడం 20వ శతాబ్దపు ఆరంభంలోనే అమెరికాలో వాడుకైంది. అయితే అది ఎలాంటి అడ్డంకికైనా చెల్లే జాతీయం. దానిని ప్రకృతి రక్షకుల పరం చేసింది 1975లో వచ్చిన ఎడ్వర్డ్ ఆబీ నవల ‘ది మంకీ రెంచ్ గ్యాంగ్’. అందులో నలుగురు మిత్రులు నైరుతి ఎడారిలో బుల్‌డోజర్లను పాడుచేస్తూ, కొలరాడో నది మీది గ్లెన్ కెన్యన్ ఆనకట్టను కూల్చాలని కలగంటారు. ఘనత ఆబీదేనని నా వాదన.

తాళపత్రం: ఒప్పుకోలేను. పర్యావరణ రక్షణ కోసం చేసే విధ్వంసానికి పేరైన ‘ఎకోటాజ్’ అనే మాట అంతకు మూడేళ్ల ముందే, 1972లో, పుస్తకం పేరుగా అచ్చయింది. పైగా ఫ్రెంచి కార్మికులు తమ చెక్కజోళ్లను, అంటే ‘సాబో’లను, మగ్గాల్లోకి విసరడం వల్లనే ‘సాబోటాజ్’ (పనిని కావాలని చెడగొట్టడం) అనే మాట పుట్టిందంటారు కదా. ఆబీ పానా ఆ జోడుకు నకలు మాత్రమే.

కొండవాగు: ‘ఎకోటాజ్’ ముందుదే, కాదనను, కానీ అది చర్యకు పేరు, మనం మాట్లాడుతున్నది మనిషికి పెట్టిన పేరు. చెక్కజోళ్ల కథ వినడానికి బాగుంటుంది గానీ, ఫ్రెంచిలో ‘సాబోటాజ్’కు మూలమైన క్రియకు అర్థం చెక్కజోళ్లతో టకటకలాడుతూ నడవడం, దాని నుంచి పనిని మొరటుగా, నాసిగా చేయడం. 1897లో ఫ్రాన్సులోని తూలూజ్ కార్మిక మహాసభలో కార్మికోద్యమ నాయకుడు ఎమిల్ పూజే ప్రభృతులు ముందుకు తెచ్చిన నినాదమూ ఇదే: చెడ్డ కూలికి చెడ్డ పని. ఇక 1980లో ఏర్పడిన ‘ఎర్త్ ఫస్ట్!’ అనే అమెరికా పర్యావరణ ఉద్యమం వారికి స్ఫూర్తి ఆబీ నవలే. వారిలో ఒకరైన డేవ్ ఫోర్‌మన్ 1985లో తెచ్చిన కరదీపికకు ఉపశీర్షికలోనే ‘మంకీరెంచింగ్’ ఉంది. ఆబీకి పూర్వీకుణ్ణి వెతకాలంటే ఆయన తన నవలను ఎవరి స్మృతికి అంకితమిచ్చాడో చూడండి: 19వ శతాబ్దపు ఇంగ్లండులో యంత్రాలు విరగ్గొట్టిన నేతపనివారు తమ నాయకుడిగా చెప్పుకున్న నెడ్ లడ్‌కు.