పాస్‌త్రూ: అప్పగించడమా, అప్పజెప్పడమా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. తెలుగులో ఒక చిన్న సహాయ పత్రం రాస్తున్నాను. లినక్స్ కంప్యూటర్‌లో వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ను, అంటే వర్చువల్ మెషిన్‌ను, నడిపే ప్రోగ్రామ్) పెట్టి, అందులో విండోస్ ఎక్స్‌పీ, అందులో ఒక పాత సాఫ్ట్‌వేర్ నడపాలి. అది బయట ఉన్న జీఎస్‌ఎం మోడెమ్ ద్వారా ఎస్సెమ్మెస్‌లు పంపుతుంది. మోడెమ్‌కి ఉన్నది ఆర్‌ఎస్-232 (పాతకాలపు సీరియల్) కనెక్టర్, మధ్యలో యూఎస్‌బీ మార్పిడి కేబుల్. ‘పాస్‌త్రూ’ దాకా వచ్చి ఆగిపోయాను. అసలు కంప్యూటర్‌కు తగిలించిన పరికరాన్ని లోపలి వర్చువల్ మెషిన్ వాడుకునేలా చేయడాన్ని అలా అంటారు, దానికి తెలుగు మాట కావాలి. ‘అంతర్గమనం’ అని ఒకరు, ‘పారగమ్యత’ అని ఇంకొకరు చెప్పారు. రెండూ చదివితే మోడెమ్ గురించి రాసినట్టే లేదు. మంచి మాట ఉంటే చెప్పండి.

జవాబు

‘పారగమ్యత’ నేలలోకి నీరు ఇంకడం గురించిన పాఠంలో ఉండే మాటండీ, దాన్ని అక్కడే ఉండనివ్వండి. ‘అంతర్గమనం’ అంటే ఏదో లోపలికి వెళ్ళిందని తెలుస్తుంది కానీ, ఎవరు వదిలారు, ఎవరు పుచ్చుకున్నారు అన్నది తెలియదు. మీ పాఠకుడికి కావలసింది అదే.

మీ పత్రంలో ఈ ఒక్క పేరు కింద రెండు పనులున్నాయి. ముందు వాటిని విడదీయండి.

మొదటిది యూఎస్‌బీ దారి. వర్చువల్‌బాక్స్ మెనూలో ఆ కేబుల్ పేరు పక్కన టిక్ పెడతాం. ఆ క్షణం నుంచి హోస్ట్ (అసలు కంప్యూటర్, మీ లినక్స్) దాన్ని వదులుకుంటుంది. గెస్ట్ (లోపల నడిచే ఎక్స్‌పీ) దగ్గర ఉన్నంతసేపు హోస్ట్‌లో ఏ ప్రోగ్రామూ దాన్ని వాడలేదు. డ్రైవర్ కూడా ఎక్స్‌పీలోనే వేసుకోవాలి. దీనికి మనకు పుట్టినప్పటి నుంచీ తెలిసిన మాట ఉంది: అప్పగించడం. తాళాలు అప్పగించాం, ఛార్జి అప్పగించాం అంటే ఇక మన చేతిలో లేవనే. పెళ్ళిలో అప్పగింతలు ఎందుకు ఏడిపిస్తాయో వేరే చెప్పాలా?

రెండోది సీరియల్ దారి. ఇక్కడ కేబుల్ హోస్ట్ దగ్గరే ఉంటుంది, డ్రైవర్ కూడా హోస్ట్‌దే. లినక్స్ దానికి టీటీవైయూఎస్‌బీ0 అని పేరు పెడుతుంది. వర్చువల్ మెషిన్ సెట్టింగుల్లో సీరియల్ పోర్ట్ ఆన్ చేసి, మోడ్ దగ్గర ‘హోస్ట్ డివైస్’ ఎంచుకుని, ఆ పేరుకి పూర్తి దారి రాస్తాం. ఎక్స్‌పీకి కనిపించేది కామ్1 అనే మామూలు సీరియల్ పోర్ట్. దానికి డ్రైవర్ విడిగా అక్కర్లేదు. మోడెమ్ పంపిన ప్రతి బైటునూ హోస్ట్ చదివి, ఉన్నది ఉన్నట్టు గెస్ట్‌కి వినిపిస్తుంది. పిల్లలు పాఠం అప్పజెప్పడం లాంటిదన్నమాట. చెప్పినంత మాత్రాన పాఠం వాళ్ళ దగ్గర్నుంచి పోదు. కాబట్టి యూఎస్‌బీకి అప్పగించు, సీరియల్‌కి అప్పజెప్పు.

మీ కేబుల్‌కి ఈ రెండు దారులూ పనికొస్తాయి, ఒకదాన్నే ఎంచుకోవాలి. ఎక్స్‌పీకి డ్రైవర్ వెతకడం తలనొప్పి కాబట్టి నేనైతే సీరియలే అంటాను.

అభ్యంతరం

తేడా బాగుంది, మాటలే చిక్కు. ‘పని నాకు అప్పజెప్పి వెళ్ళిపోయాడు’ అనమా? అక్కడ అప్పజెప్పడం, అప్పగించడం ఒకటేగా! వాడుకలో కలిసిపోయిన జంట మాటలకు పత్రంలో గోడ కడితే, గోడ మీకు తప్ప ఎవరికీ కనిపించదు.

ఇంకోటి. సీరియల్ కేబుల్‌లో బైట్లే కాదు, సంకేతాల తీగలు కూడా ఉంటాయి. ఉదాహరణకు డీటీఆర్, అంటే కంప్యూటర్ సిద్ధంగా ఉందని మోడెమ్‌కు చెప్పే తీగ. చాలా మోడెమ్‌లు ఆ తీగ పడిపోతే కాల్ కట్ చేస్తాయి. ‘హోస్ట్ డివైస్’ మోడ్‌లో ఈ తీగల స్థితి కూడా అటూ ఇటూ వెళ్తుంది. అదే ముడి టీసీపీ మోడ్ (సీరియల్ పోర్ట్‌ను నెట్‌వర్క్ ద్వారా కలిపేది) పెడితే బైట్లు మాత్రమే వెళ్తాయి. పాఠం అప్పజెప్పడంలో ఈ తీగలకు చోటెక్కడ? నేను ‘చేరవేయడం’ అంటాను. కబురైనా, సరుకైనా, సైగైనా చేరవేయవచ్చు.

జవాబు

ఒప్పుకున్నాను. ‘అప్పజెప్పు’ మీద మోజు వదులుకోవడం కష్టంగానే ఉంది కానీ, చేరవేయడమే నయం. ‘అప్పగించు’ను మాత్రం వదలను.

దాన్ని వాడితే వచ్చే లాభం ఒకటి చూడండి. యూఎస్‌బీలో గుచ్చే చిన్న డాంగిల్ మోడెమ్‌లు గుర్తున్నాయా? చాలావాటిని గుచ్చగానే ముందు సీడీ డ్రైవ్‌లా కనిపిస్తాయి, డ్రైవర్లు అందులోనే ఉంటాయి. తర్వాత వేషం మార్చి మోడెమ్‌గా మళ్ళీ ప్రత్యక్షమవుతాయి. అప్పుడు ప్రొడక్ట్ ఐడీ (పరికరం ఏ రకమో చెప్పే సంఖ్య) మారిపోతుంది. ఏ పరికరాన్ని తనంతట తానే గెస్ట్‌కి ఇవ్వాలో చెప్పే వర్చువల్‌బాక్స్ యూఎస్‌బీ ఫిల్టర్‌లో పాత ఐడీ రాసి ఉంటే, వేషం మార్చిన డాంగిల్ గెస్ట్‌కి రాకుండా హోస్ట్ దగ్గరే ఉండిపోతుంది. ఫిల్టర్‌లో వెండార్ ఐడీ (తయారీ కంపెనీ సంఖ్య) ఉంచి మిగతా గడులు ఖాళీగా వదిలితే సరి. హువావే డాంగిల్ అయితే 12డి1. దీన్ని ‘వేషం మారిన ప్రతిసారీ మళ్ళీ అప్పగించాలి, ఫిల్టర్ ఆ పని చేస్తుంది’ అని ఒక్క వాక్యంలో రాయొచ్చు. ‘అంతర్గమనం’తో ఈ వాక్యం రాసి చూపించండి.

ప్రశ్న అడిగినవారు

సరేనండీ, యూఎస్‌బీకి అప్పగించడం, సీరియల్‌కి చేరవేయడం. ఇలా రాస్తున్నాను, చూడండి:

‘మోడెమ్ మాటలను హోస్ట్ గెస్ట్‌కి చేరవేయాలంటే ముందు ఆ పోర్టును తెరిచే అనుమతి మీకు ఉండాలి. ఉబుంటులో మీ యూజర్‌ను డయలౌట్ గ్రూపులో చేర్చి, లాగౌట్ చేసి మళ్ళీ రండి. మోడెమ్‌మేనేజర్ అనే సేవ నడుస్తుంటే అది ముందే పోర్టును పట్టుకుని ఉండవచ్చు, ఆపేయండి. ఇప్పుడు ఎక్స్‌పీలో హైపర్‌టెర్మినల్ తెరిచి, కామ్1 ఎంచుకుని, ఏటీ అని కొట్టి ఎంటర్ నొక్కండి. ఓకే అని జవాబు వస్తే దారి పడినట్టే.’

ఆ ఏటీ అంటే ఏమిటని పాఠకులు అడుగుతారేమో?

జవాబు

‘అటెన్షన్’కు పొట్టి రూపం. 1981లో హేస్ కంపెనీ తెచ్చిన స్మార్ట్‌మోడెమ్ నుంచి వస్తున్న అలవాటు. మీ జీఎస్‌ఎం మోడెమ్‌కీ అదే భాష. దాన్ని ‘ఇటు విను’ అని మార్చకండి, మోడెమ్ వినదు.

పత్రంలో ఒక మార్పు చెయ్యండి. మీ ప్రశ్నలో ‘బయట ఉన్న జీఎస్‌ఎం మోడెమ్’ అన్నారు, పత్రంలో అలా రాయకండి. వర్చువల్ మెషిన్ మాట వచ్చాక దేనికి బయట అన్న సందేహం వస్తుంది: కంప్యూటర్ పెట్టెకా, గెస్ట్‌కా? మొదటిసారి ‘కేబుల్‌తో తగిలించే మోడెమ్’ అని రాసి, తర్వాత ఉత్త ‘మోడెమ్’ అనండి.

ప్రశ్న అడిగినవారు

మారుస్తాను. హోస్ట్, గెస్ట్ మాటేమిటి? ఆతిథేయి, అతిథి అని పెట్టమంటున్నారు కొందరు.

అభ్యంతరం చెప్పినవారు

వినడానికి ముచ్చటగానే ఉంటాయి. కానీ మీ పాఠకుడు వెతకాల్సిన సెట్టింగ్ పేరు ‘హోస్ట్ డివైస్’. తెర మీద ఆతిథేయి ఎక్కడా కనబడదు. హోస్ట్, గెస్ట్ అనే ఉంచండి.