అన్నం మానేశాను, షుగర్ 58కి పడిపోయింది. డైట్ ఆపేయాలా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
అందరికీ నమస్కారం. నాకు 46 ఏళ్ళు, షుగర్ వచ్చి ఎనిమిదేళ్ళు, దానికి తోడు బీపీ, మోకాళ్ళ నొప్పులు. మొన్నటి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ లెక్క) 8.9. మా ఇంట్లో పొద్దున చద్దన్నం, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం ముఢి (మరమరాలు), రాత్రి మళ్ళీ అన్నం. పదకొండు రోజుల క్రితం ఇవన్నీ ఒక్కసారే మానేసి గుడ్లు, చేపలు, కూరలు, మజ్జిగతో సరిపెట్టుకుంటున్నాను. రెండు కిలోలు తగ్గాను, పరగడుపు షుగర్ 170 నుంచి 118కి వచ్చింది, మహా సంబరపడిపోయాను.

శనివారం మధ్యాహ్నం మేడ మీద బట్టలు ఆరేస్తుంటే క్లిప్పు నొక్కడానికి వేళ్ళు రాలేదు. వణుకు, జాకెట్టంతా చెమటకి తడిసి ముద్ద. ఎలాగో మెట్లు దిగొచ్చి మిషన్‌లో చూసుకుంటే 58. మా అత్తగారు ఫ్రిజ్‌లో ఉన్న ఛెనాపొడ (విరిగిన పాలు, పంచదారతో కాల్చి చేసే మిఠాయి) ముక్క తెచ్చి నోట్లో కుక్కారు, అరగంటకి గానీ తేరుకోలేదు. ఇక అప్పట్నుంచీ ఇంట్లో అందరూ "అన్నం తిను" అని ఒకటే పోరు.

వాడేవి గ్లిమిపిరైడ్ 2, మెట్‌ఫార్మిన్ రెండు పూటలా, బీపీకి టెల్మిసార్టన్ 40. డైట్ ఆపేయాలా? అన్నం బదులు చోడి (రాగి) అంబలి తాగొచ్చా? పైగా కార్తీకం వస్తోంది, నెలంతా మా ఇంట్లో గుడ్డు కూడా వండరు, అప్పుడేం తినాలి?

సిల్కుసిటీ (బరంపురం):
అక్కా, నాది మందుల షాపు, ఇరవై ఏళ్ళుగా ఇదే పని. మీ డైట్‌ని తిట్టకండి, ఇది ఆ గ్లిమిపిరైడ్ పని. మీరు అన్నం తిన్నారా లేదా అని అది చూడదు, వేసుకుంటే చాలు పాంక్రియాస్‌ని తట్టి ఇన్సులిన్ వదిలిస్తుంది. ఇదివరకు ఆ ఇన్సులిన్‌కి మూడు పూటల అన్నం పని కల్పించేది, ఇప్పుడు ఏమీ లేదు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే మామూలుగా ఇలా పడిపోదు. ఈరోజే మీ డాక్టర్‌కి ఫోన్ చేసి "పిండిపదార్థాలు తగ్గించాను, 58 వచ్చింది" అని చెప్పండి, డోసు ఎంత తగ్గించాలో ఆయనే చెప్తారు. బీపీ మాత్ర సంగతీ అడగండి, ఎందుకంటే అన్నం తగ్గిన మొదటి వారాల్లో ఒంట్లోంచి ఉప్పూ నీళ్ళూ ఎక్కువగా పోతాయి, లేచి నిలబడితే కళ్ళు తిరుగుతాయి.

ఇది చదివేవాళ్ళలో ఎవరైనా షుగర్‌ని మూత్రంలో బయటికి పంపే డపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు వాడుతుంటే అడక్కుండా అన్నం మానకండి. షుగర్ పెద్దగా పెరగకుండానే రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగినప్పుడు పుట్టే ఆమ్లాలు) ముదిరి ఆసుపత్రి పాలవుతారు.

ఇంకో మాట, షుగర్ పడిపోయినప్పుడు ఛెనాపొడ కాదు అక్కా. అందులో కొవ్వు ఉంటుంది, నెమ్మదిగా ఎక్కుతుంది. మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్ళలో కలుపుకుని తాగి, పావుగంటకి మళ్ళీ చూసుకోవాలి.

రథచక్రం:
పూరీలో జగన్నాథుడికే రోజూ అన్నం నైవేద్యం. మనకెందుకండీ ఈ కొత్త వేషాలు?

సిల్కుసిటీ:
స్వామికి షుగర్ లేదు కదా బాబూ.

గుణుపురం మాస్టారు:
అమ్మా, చోడి అంబలి గురించి అడిగావు. నేనూ అక్కడే మోసపోయాను. చోళ్ళు మంచివే, పీచు ఉంది, కాల్షియం ఉంది, కానీ వంద గ్రాముల పిండిలో దాదాపు 70 గ్రాములు పిండిపదార్థమే, బియ్యంలో 78. పెద్ద గ్లాసుడు అంబలి తాగి "అన్నం మానేశాను" అనుకునేవాణ్ణి, రెండు గంటలకి చూస్తే 230! పలాస జీడిపప్పు కూడా అంతే. పక్క ఊరి సరుకని కవర్ ముందు పెట్టుకుని నమిలేవాణ్ణి, వందకి 30 గ్రాములు ఉంటుందని తర్వాత తెలిసింది. వేరుశనగ దాంట్లో సగం.

కార్తీకానికి మన వైపు ఒక అదృష్టం ఉంది, ఛెనా, అంటే పాలు విరగ్గొట్టి వడగట్టిన ముద్ద. మిఠాయి కొట్లో పొద్దున్నే అడిగితే పంచదార కలపకముందే తూచి ఇస్తారు. ఉల్లి, వెల్లుల్లి వేయకుండా జీలకర్ర, పచ్చిమిర్చితో పొరటు చేసుకో. దాల్మాలో (కూరగాయలు వేసి వండే పప్పు) ఆలుగడ్డ తీసేసి బొప్పాయి కాయ, వంకాయ ఎక్కువ వేసి గిన్నెడు తిను, పప్పులోనూ పిండి ఉంటుంది కాబట్టి రెండో గిన్నె వద్దు. పుట్టగొడుగులు మీ ఇంట్లో నీచు కింద లెక్కేస్తారో లేదో నాకు తెలీదు, మా ఇంట్లో అయితే పెద్ద గొడవే.

నేను మాత్రం కఠినంగా నాలుగు నెలలు చేసి ఆపాను. షుగర్ బాగానే దిగింది, చెడ్డ కొలెస్ట్రాల్ ఎక్కింది, నెయ్యి విచ్చలవిడిగా తిన్నానులే. ఇప్పుడు మధ్యాహ్నం ఒక్క కప్పు అన్నం, మిగతాది కూర. నాకు ఇదే నిలబడింది.

సోంపేట అబ్బాయి:
అక్కా, మీ పుట్టిల్లు ఇచ్ఛాపురం, కవిటి వైపు అయితే ముందు కిడ్నీ పరీక్షలు, అంటే క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ చూపించుకోండి. ఆ ఊళ్ళన్నీ ఉండే మా ఉద్దానంలో (శ్రీకాకుళం జిల్లా) షుగర్ లేనివాళ్ళకే కిడ్నీలు పోతున్నాయి, మీకు షుగరూ బీపీ రెండూ ఉన్నాయి. అన్నం బదులు మాంసం, గుడ్లు కుమ్మేస్తే, కిడ్నీ అప్పటికే దెబ్బతిని ఉంటే ఇంకా బరువు. మా పెద్దనాన్న కొబ్బరి నూనె, నిమ్మకాయల డైట్ చేస్తూ ఆర్నెల్లు ఏ పరీక్షా చేయించుకోలేదు. ఇప్పుడు వారానికి రెండుసార్లు డయాలసిస్. డైట్ వల్లే అని నేను అనను, ముందే ఎంత పోయిందో ఎవరికీ తెలీదు.

మహేంద్రతనయ:
అందరికీ దండాలు. పుట్టిల్లు కంచిలి, అదీ ఉద్దానమే, అందుకే తమ్ముడు చెప్పింది చదివి రాత్రి నిద్ర పట్టలేదు. క్రియాటినిన్ 0.9 వచ్చింది, ఆల్బుమిన్ రిపోర్టు రేపు. డాక్టర్ గారు గ్లిమిపిరైడ్ ఆపేశారు, టెల్మిసార్టన్ సగం చేశారు, రెండు వారాలు రోజుకి మూడుసార్లు షుగర్ రాసి తెమ్మన్నారు. స్ట్రిప్పుల ఖర్చు చూసి మా ఆయన మొహం చూడాలి మీరు.

మాస్టారూ, మధ్యాహ్నం ఒక్క కప్పు అన్నారు. బియ్యం కప్పా, ఉడికిన అన్నం కప్పా? మా అత్తగారు బియ్యం కప్పే అంటున్నారు.