రంజన్ చల్లదనం గ్రాఫు వంకరగా వచ్చింది: ఒక అంకె దిద్దవచ్చా?

మిర్చి గుమస్తా (వరంగల్):

అందరికీ నమస్కారం. నేను ఎనుమాముల మార్కెట్లో ఒక మిర్చి అడ్తి దుకాణంలో గుమస్తాను. ఇరవై రెండేళ్లుగా బస్తాలు, తూకాలు, తరుగు రాస్తున్నాను. అంకెలంటే నాకు భయం లేదు. అయినా మా బిడ్డ సైన్సు ప్రాజెక్టు ముందు నా అనుభవం ఎందుకూ కొరగాకుండా పోయింది.

తను ఈసారి పదో తరగతికి వెళ్తుంది. సెలవుల్లో ఏదైనా ఒక ప్రయోగం చేసి, బడి తెరిచేనాటికి గ్రాఫుతో సహా తీసుకురమ్మన్నారట. మేము ఏటా ఎండలు ముదరగానే రంజన్, అంటే నీళ్లు చల్లబడే మట్టి కుండ, కొంటాం. దాని మీదే చేస్తానని పట్టుబట్టింది. కొత్త రంజన్, మూడేళ్లుగా వాడుతున్న పాత కుండ, ఒక స్టీలు బిందె తీసుకుంది. మూడింటిలో నాలుగేసి లీటర్ల నీళ్లు పోసి వరండాలో నీడన పెట్టింది. ఉన్నది ఒకటే థర్మామీటరు. దాన్నే ఒకదాని తర్వాత ఒకదానిలో ముంచి చూసింది. మూడు రోజులు చేసింది. మొదటి రోజు లెక్క ఇది. వరుసగా కొత్త రంజన్, పాత కుండ, స్టీలు బిందె, చివరిది నీడలో గాలి. అన్నీ సెల్సియస్ డిగ్రీలే.

10:00 – 32, 32, 32, 36
10:30 – 31, 32, 32, 37
11:00 – 30, 31, 33, 38
12:00 – 28, 30, 34, 40
2:00 – 26, 29, 36, 42
2:30 – 33, 29, 36, 42
4:30 – 27, 29, 37, 41

పన్నెండు నుంచి రెండు దాకా ఖాళీ ఎందుకంటే వాళ్ల పిన్ని భోజనానికి పిలిచింది. రెండున్నర తర్వాత ఖాళీ నిద్ర వల్ల. దాచడం ఎందుకు?

గ్రాఫు కాగితం మీద అడ్డంగా ఏడు సమయాలకు ఏడు సెంటీమీటర్లు ఇచ్చింది. నిలువుగా సున్నా నుంచి మొదలుపెట్టి సెంటీమీటరుకు ఐదు డిగ్రీలు తీసుకుంది. మూడు గీతలూ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. రెండున్నర దగ్గర రంజన్ గీత మాత్రం పాము పడగ ఎత్తినట్టు లేచింది. కింద ముగింపు ఇలా రాసింది: ‘పదకొండు దాటాక ఎండ ముదిరేకొద్దీ రంజన్ మరింత వేగంగా చల్లబడింది.’

ఆ 33ను 26 చేసెయ్యమని, ఎవరు చూడవచ్చారని మా బావమరిది సలహా. నాకు చెయ్యి రావడం లేదు. మా చిట్టాలో ఒక్క అంకె దిద్దినా షావుకారు వేలు పెట్టి చూపించి కారణం అడుగుతాడు. అలాగని తప్పని తెలిసిన అంకెను ఉంచితే గ్రాఫు పాడవుతోంది. ఇంకొక చిక్కు కూడా ఉంది. మూడో రోజు ముందు రాత్రి వాన పడింది. ఆ రోజు రంజన్ 30 దగ్గరే ఆగిపోయింది. మూడు రోజులకూ సగటు తీసి గీయమని పక్కింటి అబ్బాయి అంటున్నాడు. అసలు గీత గీయాలా, కమ్మీ చిత్రం (బార్ గ్రాఫు) గీయాలా? తెలిసినవారు చెప్పగలరు.

పాత సైన్సు పంతులు (హనుమకొండ):

గుమస్తా గారూ, అంకె దిద్దవద్దు. మిగతావన్నీ దీని తర్వాతే.

మీ భాషలోనే చెబుతాను. ప్రయోగం జరుగుతుండగా రాసుకున్న కాగితం చిట్టా. దాని నుంచి ఎత్తి రాసే పట్టిక ఆవర్జా. గ్రాఫు ఆవర్జాను కంటికి చూపించేది. చిట్టాలో పడినది పడినట్టే ఉండాలి. 33 పక్కన చుక్క గుర్తు పెట్టి, ఏం జరిగి ఉంటుందో కింద ఒక వాక్యం రాయమనండి. గ్రాఫులో ఆ బిందువును పెట్టి చుట్టూ సున్నా చుట్టాలి, గీతను దాని గుండా తీసుకుపోకూడదు. చూసేవారికి బిందువూ కనిపిస్తుంది, దాన్ని ఎందుకు వదిలారో కూడా తెలుస్తుంది.

అది ఎలా వచ్చిందో నాకు ఒక అనుమానం ఉంది. అప్పుడు బిందెలో 36, రంజన్‌లో సుమారు 26. 33 ఈ రెండింటికీ మధ్య ఉంది. బిందెలోంచి తీసిన థర్మామీటరును రంజన్‌లో ముంచి, ద్రవం ఇంకా దిగుతుండగానే చూసి ఉంటుంది. లేదా పైకి ఎత్తి చదివి ఉంటుంది. నిద్ర ముంచుకొస్తున్న వేళ కదా! దీన్ని ఊహగా వదిలేయవద్దు. బిందెలో ముంచిన థర్మామీటరును రంజన్‌లోకి మార్చి, పది సెకన్లకోసారి చూస్తూ ఎంతసేపటికి నిలుస్తుందో రాసుకోమనండి. ఐదు నిమిషాల పని.

అయితే ఆ గ్రాఫులో అసలు తప్పు 33 కాదు. మీరెవరూ అనుమానించని చోట ఉంది. అరగంటకూ ఒక సెంటీమీటరే, రెండు గంటలకూ ఒక సెంటీమీటరే ఇచ్చారు. రంజన్ లెక్కను గంటకు ఎన్ని డిగ్రీలో చూడండి. పది నుంచి పదిన్నరకు ఒక డిగ్రీ, అంటే గంటకు రెండు. పదిన్నర నుంచి పదకొండుకూ అంతే. పదకొండు నుంచి పన్నెండుకు కూడా గంటకు రెండే. పన్నెండు నుంచి రెండుకు దిగింది రెండు డిగ్రీలు, పట్టింది రెండు గంటలు. అంటే గంటకు ఒకటే. వేగం తగ్గింది! అమ్మాయి గీసిన దాంట్లో మాత్రం మొదటి రెండు గడుల్లో ఒక్కో డిగ్రీ, తర్వాతి రెండు గడుల్లో రెండేసి డిగ్రీలు దిగినట్టు ఉంటుంది. కాబట్టి వేగం పుంజుకున్నట్టు కనిపించింది. అంకెల్లో ఒక్క తప్పు కూడా లేకుండా ముగింపు తలకిందులైంది.

వేగం ఎందుకు తగ్గిందో కూడా పట్టికలోనే ఉంది. పదింటికి గాలికీ రంజన్ నీళ్లకూ తేడా 4 డిగ్రీలు. రెండింటికి 16. తేడా పెరిగేకొద్దీ బయటి వేడి లోపలికి ఎక్కువగా వస్తుంది. ఆవిరి తీసుకుపోయే వేడీ, గాలి ఇచ్చే వేడీ సమానమైన చోట నీళ్లు నిలబడిపోతాయి. గాలి ఉష్ణోగ్రతను నాలుగో గీతగా వేస్తే ఇదంతా ఒక్క చూపులో తెలుస్తుంది. ఆ వరుస రాసుకున్నందుకు అమ్మాయిని మెచ్చుకోండి, పెద్ద పిల్లలు కూడా అది మరిచిపోతుంటారు.

స్కేలు: అడ్డంగా గంటకు 2 సెంటీమీటర్లు, ఆరున్నర గంటలకు 13. నిలువుగా 25 నుంచి 43 వరకు, డిగ్రీకి ఒక సెంటీమీటరు చొప్పున 18. కాగితం నిండుగా వస్తుంది. నిలువు అక్షం సున్నా నుంచి మొదలు కాలేదని అడుగున తెగిన గుర్తు వేయాలి. బిందువులను స్కేలు పెట్టి ఒకదానికొకటి కలపడం కంటే వాటి మధ్యగా చేత్తో నునుపైన వక్రం గీయడం మంచిది. నీళ్లు మెట్లు మెట్లుగా చల్లబడవు కదా.

సగటు వద్దు. మొదటి రెండు రోజులూ సాయంత్రానికి 27 అనుకుంటే, మూడో రోజు 30. సగటు 28. ఏ సాయంత్రమూ రంజన్‌లో 28 లేదు! వాన రోజు ఆర్ద్రత ఎక్కువ కాబట్టి నీరు తక్కువగా ఆవిరైంది, చల్లదనం తగ్గింది. ఆ రోజుకు వేరే గ్రాఫు, అదే స్కేలుతో గీసి పక్కన పెట్టండి. నన్నడిగితే ఈ ప్రాజెక్టులో అన్నిటికంటే విలువైన కాగితం అదే.

గీతా, కమ్మీయా అన్నారు. 1786లో విలియం ప్లేఫెయిర్ అనే ఆయన ఇంగ్లండ్ ఎగుమతి దిగుమతులను ఏళ్ల వారీగా గీతలుగా గీశాడు. స్కాట్లాండ్‌కు మాత్రం ఒక్క ఏడాది లెక్కలే దొరికాయి. కాలంతో పాటు సాగే గీత గీయలేక, ఒక్కో దేశంతో జరిగిన ఎగుమతి దిగుమతులను కమ్మీలుగా చూపించాడు. మీకు కాలం ఉంది కాబట్టి గీత గీయండి. సాయంత్రం నాలుగున్నరకు ఏ పాత్రలో ఎంత అని మాత్రమే చూపాలంటే కమ్మీలు సరిపోతాయి. చూశారా, ఆయన ఈ గ్రాఫులు గీసింది వ్యాపారం లెక్కల కోసమే. మీకు పరాయివి కావు.

కంప్యూటర్ అక్క (కరీంనగర్):

సార్ చెప్పిన తప్పునే కంప్యూటర్ ఇంకా ధీమాగా చేస్తుంది. ఎక్సెల్‌లో లైన్ చార్ట్ ఎంచుకుంటే సమయాలను ఉత్త పేర్లుగా తీసుకుని అన్నిటినీ సమాన దూరంలో పేర్చే ప్రమాదం ఉంది. అమ్మాయి కంప్యూటర్‌లో కూడా గీయాలనుకుంటే స్కాటర్ చార్ట్ ఎంచుకోమనండి. అది అడ్డం అక్షం మీది అంకెను అంకెగానే చూస్తుంది. లిబ్రేఆఫీస్‌లోనూ అదే పేరు.

గడిలో 2:00 అని కొడితే అది తెల్లవారుజాము రెండు గంటలు అవుతుంది. ఇంటర్ ప్రాక్టికల్స్‌లో నా గీత పన్నెండు దాకా బుద్ధిగా వెళ్లి, అక్కడి నుంచి వెనక్కి పరుగెత్తింది. మా లెక్చరర్ నవ్వు ఇప్పటికీ చెవుల్లో ఉంది. అందుకే గడియారం సమయం బదులు మొదలుపెట్టినప్పటి నుంచి గడిచిన నిమిషాలు రాయాలి: 0, 30, 60, 120, 240, 270, 390. కాగితం మీద గీసేవారికి కూడా ఇది హాయి. 33 ఉన్న గడిని గీతలోంచి తప్పించడానికి దాన్ని వేరే నిలువు వరుసలోకి మార్చండి. అప్పుడది విడి చుక్కగా వస్తుంది, చెరిగిపోదు.

సారె ఇంటివాడు (జనగామ):

నాకు గ్రాఫులు తెలియవు, కుండలు తెలుసు. మా నాన్న సారె తిప్పేవారు. అడగవలసిన మాట ఒకటి ఎవరూ అడగలేదు. కొత్త రంజన్‌ను ముందు రాత్రి నీళ్లలో నానబెట్టారా లేదా? ఎండు మట్టి మొదటి రోజు చాలా నీళ్లు తాగుతుంది. సాయంత్రం నీళ్లు కొలిచి ఎంత ఆవిరైందో చెప్పాలనుకుంటే, గోడ తాగినదీ ఆవిరైనదీ కలిసిపోతాయి. చెమ్మ బయటి వైపుకు చేరేదాకా చల్లదనం కూడా సరిగా మొదలు కాదు.

పాత కుండ వెనకబడడంలో వింత లేదు. బోరు నీళ్లలోని ఉప్పులు సన్న రంధ్రాల్లో పేరుకుంటాయి. కుండ బయట తెల్లటి చారలు ఉన్నాయేమో చూడండి. ఉంటే ఫొటో తీసి ప్రాజెక్టులో అంటించండి.

పాత సైన్సు పంతులు (హనుమకొండ):

జనగామ సోదరుడు మంచి మాట అడిగారు. నీళ్లు కొలవడం మీద ఒక లెక్క కూడా ఇస్తాను. పాఠ్యపుస్తకంలోని బాష్పీభవన గుప్తోష్ణం (నీరు ఆవిరి కావడానికి తీసుకునే వేడి) గ్రాముకు 540 కెలోరీలు, అది వంద డిగ్రీల దగ్గర. మన వరండా ఉష్ణోగ్రతల్లో సుమారు 580. నాలుగు లీటర్లలో 40 గ్రాములు ఆవిరైతే పోయే వేడి 23,200 కెలోరీలు. బయటి నుంచి వేడి రాకపోతే 4,000 గ్రాముల నీరు దాదాపు 6 డిగ్రీలు దిగాలి. నిజానికి వేడి వస్తూనే ఉంటుంది కాబట్టి, కొలిస్తే 40 గ్రాముల కంటే ఎక్కువే తగ్గి ఉంటుంది. ఆ తేడా ఎంతో అమ్మాయినే కనుక్కోనివ్వండి.

మిర్చి గుమస్తా (వరంగల్):

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. రెండు రోజులుగా ఇంట్లో ఇదే పని.

పంతులు గారి అనుమానమే నిజమైంది. థర్మామీటరును బిందెలోంచి రంజన్‌లోకి మార్చి పది సెకన్లకోసారి చూశాం. నేను ఫోనులో సెకన్లు చదివాను, తను రాసింది. ఇరవై సెకన్లకు ఇంకా 32 దగ్గరే ఉంది. నిలిచేసరికి నిమిషం దాటింది. ఆ రోజు చెయ్యి పెట్టి వెంటనే తీశానని అప్పుడు ఒప్పుకుంది. 33 చుట్టూ ఎర్ర కలంతో సున్నా చుట్టి, ఈ చిన్న పట్టికను దాని కింద అంటించింది. బావమరిదికి చూపిస్తే చాలాసేపు ఏమీ అనలేదు.

కొత్త కాగితం మీద గీసినప్పుడు పన్నెండు నుంచి రెండు దాకా గీత నిదానంగా వాలిపోవడం చూసి, పాత ముగింపును తనే కొట్టేసింది. చెరిపేయలేదు, కొట్టివేసి పక్కన సంతకం పెట్టింది. అది నా దగ్గర నేర్చిందే.

రంజన్‌ను నానబెట్టలేదు. పాత కుండ మీద తెల్లటి చారలు ఉన్నాయి, ఇన్నాళ్లూ ముగ్గు అంటుకుందనుకున్నాం. అందుకని ఆదివారం నాలుగో రోజు ప్రయోగం. శనివారం రాత్రే నానబెట్టాలి, పొద్దున కొలజాడీతో నీళ్లు పోయాలి, పది నుంచి నాలుగున్నర దాకా అరగంటకోసారి అలారం. వాళ్ల పిన్ని మళ్లీ భోజనానికి పిలిచింది. రానని, క్యారేజీలో పంపమని చెప్పింది.