అమ్మ ఒంటి మీద కమిలిన మచ్చలు: ముందు ఎవరి దగ్గరకు వెళ్లాలి, ఆర్డీవో దగ్గరకా, కోర్టుకా?

ప్రశ్న (గుంటూరు ఆడపడుచు):

అందరికీ నమస్కారం. మా అమ్మగారికి 74 ఏళ్లు. నాన్నగారు పోయాక గుంటూరు జిల్లాలోని మా ఊళ్లో అన్నయ్యా వదినల దగ్గర ఉంటున్నారు. సంక్రాంతికి వెళ్లినప్పుడు తలంటి పోస్తూ చూస్తే, రెండు జబ్బల లోపలి వైపున వేళ్ల అచ్చుల్లా కమిలి ఉంది, చెవి వెనుక మరొక మచ్చ పచ్చబడి మానుతోంది. అడిగితే బాత్రూంలో జారిపడ్డానన్నారు కానీ, అన్నయ్య గుమ్మంలోకి రాగానే మాట మార్చేశారు. కళ్లజోడు కాడ విరిగితే దారంతో కట్టుకున్నారు. ఫోను ఎప్పుడూ అన్నయ్య చేతిలోనే ఉంటుంది. ఆమె రక్తం పలుచబడే మాత్రలు వాడుతున్నారు కాబట్టి వాటి వల్ల కూడా కమిలి ఉండవచ్చునేమోనన్న అనుమానం నన్ను వదలడం లేదు. ఇల్లు 2021లోనే అన్నయ్య పేర దఖలు (గిఫ్ట్ దస్తావేజు) రాసి రిజిస్టరు చేయించారు. పోలీసు స్టేషనులో నోటిమాటగా చెబితే ఇంటి గొడవ అంటూ సర్ది పంపించారు. ఏది ముందు చేయాలో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (క్యాజువాలిటీలో పనిచేసిన వైద్యురాలు):

మీ అనుమానం సరైనదే, ఆ మాత్రలు వాడేవారికి చిన్న తాకిడికే చర్మం కమిలిపోతుంది. అయితే అలాంటి మచ్చలు ఎక్కువగా ముంజేతుల మీద, అరచేతి వెనుక, మోకాలి కింద, అంటే గోడకో మంచానికో తగిలే చోట్ల వస్తాయి. జబ్బల లోపలి భాగం, చెవి, మెడ, వీపు మామూలుగా జారిపడితే దెబ్బ తగిలే చోట్లు కావు. రెండు జబ్బల మీదా ఒకే తీరుగా ఉన్నాయంటే ఎవరో గట్టిగా పట్టుకుని కుదిపి ఉంటారని ఏ డాక్టరైనా ముందుగా అనుమానిస్తారు. రంగును బట్టి దెబ్బ ఫలానా రోజున తగిలిందని తేల్చి చెప్పలేము కానీ, కొత్తవీ పాతవీ కలిసి ఉండటం మాత్రం గమనించవలసిన విషయమే. విరిగిన కళ్లజోడు, అందనివ్వని ఫోను, డాక్టరు అడిగిన ప్రశ్నలకు పెద్దావిడకు బదులు కొడుకు జవాబు చెప్పడం లాంటిది ఉంటే అదీ, ఇవన్నీ ఆ మచ్చలతో కలిపి చూడాలి.

మచ్చలు మానకముందే ఆమెను ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్లి, మెడికో లీగల్ కేసుగా, అంటే ఆసుపత్రి పోలీసులకు తెలియజేసే గాయం కేసుగా, నమోదు చేయమని అడగండి. ప్రతి గాయం కొలత, చోటు రిజిస్టరులోకి ఎక్కుతాయి. పరీక్ష గదిలో ఆమె ఒక్కరే ఉండాలి, మీరు కూడా బయటే ఉండండి. కన్నకొడుకు పేరు కన్నకూతురి ఎదుట చెప్పడానికి కూడా తల్లులు సిగ్గుపడతారని నా సర్వీసులో చాలాసార్లు చూశాను.

జవాబు (జిల్లా కోర్టు న్యాయవాది):

డాక్టరుగారి మాట అక్షరాలా నిజం. ఆ కాగితం లేకుండా స్టేషనుకు వెళితే మళ్లీ అదే జవాబు వస్తుంది. భారతీయ న్యాయ సంహిత 115వ సెక్షను కింద వచ్చే మామూలు గాయానికి మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు. ఎముక విరిగితే మాత్రం అది తీవ్ర గాయం అవుతుంది కాబట్టి నేరుగా ఎఫ్ఐఆర్ నమోదు చేయవలసిందే. అందుకని ఎక్స్‌రే తీయించడం మరచిపోవద్దు.

ఇక మీ అసలు ప్రశ్నకు వస్తే, చాలామంది 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం ఒక్కటే ఉందనుకుని ఆర్డీవో దగ్గరకు పరుగెడతారు. ఆ చట్టం కింద ఆర్డీవో నడిపే ట్రిబ్యునల్ నెలకు గరిష్ఠంగా 10,000 రూపాయల వరకు పోషణ ఇప్పించగలదు. నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలని చట్టం చెబుతోంది. అయితే కొట్టడం ఆగాలన్నది మీ తక్షణ అవసరం కనుక, నా అభిప్రాయంలో ముందు వెళ్లవలసింది 2005 నాటి గృహహింస చట్టం కింద మేజిస్ట్రేటు దగ్గరకు. ఆ చట్టం భార్యలకే అనుకోవడం పొరపాటు, తల్లి కూడా కొడుకు మీద వేయవచ్చు. 2016లో సుప్రీంకోర్టు ‘వయోజన పురుషుడు’ అన్న పరిమితిని కొట్టివేసిన తరువాత కోడలిని కూడా ప్రతివాదిగా చేర్చవచ్చు. ఇల్లు కొడుకు పేర ఉన్నా, కలిసి కాపురమున్న ఆ ఇంట్లో నివసించే హక్కు ఆమెకు ఉంటుంది. కొడుకును బయటకు వెళ్లమని ఆదేశించే అధికారం కూడా కోర్టుకు ఉంది, కోడలిని మాత్రం ఆ అధికారం కింద వెళ్లగొట్టలేరు. అత్యవసరమైతే అవతలివారిని వినకముందే మధ్యంతర ఉత్తర్వు ఇస్తారు. మీ నాన్నగారే బతికి ఉండి ఈ దెబ్బలు తిని ఉంటే ఈ దారి ఉండేది కాదు, ఎందుకంటే ఈ చట్టం కింద అర్జీ పెట్టుకునే హక్కు స్త్రీలకే ఉంది.

జవాబు (వయోవృద్ధుల సంఘం సభ్యుడు):

లాయరుగారితో నాకు పేచీ లేదు, కానీ ఆర్డీవో దారిని అంతగా తీసిపారేయకూడదు. కోర్టు మెట్లెక్కనని మొరాయించే పెద్దవాళ్లు ఆర్డీవో కార్యాలయానికి వస్తారు. ఆమె కదలలేకపోతే సంతకమో వేలిముద్రో వేసి మీకు అధికారమిచ్చినా దరఖాస్తు చెల్లుతుంది. దాంతోపాటు ఆ దఖలు దస్తావేజు నకలు తీసి చదవండి. మన వైపు దస్తావేజుల్లో ‘ప్రేమాభిమానములతో’ అని మొదలుపెట్టి, మధ్యలో ఎక్కడో ‘నా జీవితాంతము నన్ను పోషించవలెను’ అన్న వాక్యం ఉంటుంది. ఆ వాక్యం ఉండి, కొడుకు చూడకపోతే 2007 నాటి ఆ పోషణ చట్టం 23వ సెక్షను కింద దస్తావేజును రద్దు చేయమని అడగవచ్చు. ఆ షరతు ఉన్నట్లు నిరూపించాలని 2022లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2025 జనవరిలో మరో కేసులో, ఈ చట్టాన్ని పెద్దల పక్షాన ఉదారంగా అన్వయించాలంటూ కొడుకు విడిగా రాసి ఇచ్చిన హామీపత్రాన్ని కూడా లెక్కలోకి తీసుకుంది. అలాంటి కాగితం ఏదైనా ఇంట్లో ఉందేమో వెతకండి.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. ఒక్క సందేహం మిగిలింది. కేసు వద్దు, వాడు జైలుకు పోతాడు అంటూ అమ్మ ఏడిస్తే ఏం చేయాలి?

జవాబు (జిల్లా కోర్టు న్యాయవాది):

గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వు కోరితే కొడుకును వెంటనే అరెస్టు చేయరని ఆమెకు నిదానంగా చెప్పండి. ఆ ఉత్తర్వును ఉల్లంఘించినప్పుడే అది నేరమవుతుంది, దానికి ఏడాది వరకు జైలు లేదా 20,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ ఉంటాయి. ఆమె నిర్ణయానికి వచ్చేలోగా 14567 అనే వయోవృద్ధుల సహాయవాణి ఎల్డర్‌లైన్‌కు ఆమె చేతనే మాట్లాడించండి, అది ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు పనిచేస్తుంది. ప్రాణాపాయమనిపిస్తే ఎవరి అనుమతీ అక్కర్లేదు, 112కు చేయండి. ఖర్చు గురించి బెంగ వద్దు, ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. ఉత్తర్వు చేతికి రాగానే ఒక ప్రతిని స్టేషనులో ఇచ్చి రసీదు తీసుకోండి, మరొకటి ఇరుగుపొరుగులో మీకు నమ్మకమున్నవారి దగ్గర ఉంచండి.