చిత్తిరై తిరునాళ్ళకి మధురై: అయిదు కారవాన్లా, రెండు టెంపోలూ లాడ్జీనా?

పెన్నాగట్టు:
తమిళుల చిత్తిరై నెల పౌర్ణమికి మధురై పోదామని నెల్లూరు, కావలి, ఒంగోలు, కందుకూరు కలిపి ఇరవై రెండు మందిమి పేర్లు ఇచ్చాం. అందులో ఏడుగురు అరవై దాటినోళ్ళు. పడకలు, బాత్రూమ్, వంటగది లోపలే ఉండే కారవాన్ బండ్లు అయిదు బాడుగకి తీసుకుందామని నేనంటున్నా. రెండు టెంపో ట్రావెలర్లు, లాడ్జి చాలని కొందరు పట్టుబడుతున్నారు. ఇక్కడే తేల్చేద్దాం.

నా కారణం ఒకటే. మీనాక్షమ్మ కల్యాణం పగలు జరుగుతుంది, చూసొచ్చి పడుకోవచ్చు. గుడి చుట్టూ మాసి వీధుల్లో తేరు కూడా అంతే. అళగర్ కోవెల నుంచి వచ్చే విష్ణుమూర్తి అళగర్ సంగతి అట్టా కాదు. మధురైలోని తల్లాకుళంలో స్వామికి ఎదురెళ్ళే ఎదురుసేవ సాయంత్రం మొదలైతే జనం రాత్రంతా రోడ్డు మీదే ఉంటారు. స్వామి బంగారు గుర్రం మీద వైగై ఏట్లో దిగేది తెల్లవారుజామున. ఆ రాత్రి లాడ్జికి పోయి మళ్ళీ రావడం కుదరదు. పడక, బాత్రూమ్ మనతోనే ఉండాలి.

ఒంగోలు పంతులు:
ఎన్ని రాత్రులో ముందు చూసుకోండి. ఏటా ఒకటే ఉండదు. 2024లో ఏప్రిల్ 21న కల్యాణం, 22న తేరు, 23నే అళగర్ ఏట్లో దిగాడు. 2025లో కల్యాణం మే 8, తేరు 9, అళగర్ దిగింది 12న. అంటే మధ్యలో రెండు రోజులు ఖాళీ. మీనాక్షమ్మ ఉత్సవం వేరు, అళగర్ కోవెల ఉత్సవం వేరు. తిరుమల నాయకుడి కాలంలో రెంటినీ ఒక నెలలోకి తెచ్చారని చెబుతారు. తేదీలు గుడివాళ్ళు ప్రకటించాకే బాడుగ మాట్లాడాలి.

దర్శి డీజిల్:
తేదీలు సరే. ఏసీ సంగతి ఎవరన్నా ఆలోచించారా? ఏప్రిల్ చివర్న, మేలో మధురై ఎండ నలభైకి దగ్గర. కారవాన్ అంటే రేకు డబ్బా. బాడుగ కారవాన్లలో ఎక్కువగా ఉండేవి 200 ఆంపియర్ అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీలు రెండు. 12 వోల్టుల లెక్కన 4.8 యూనిట్లు. లెడ్ యాసిడ్‌ని సగానికి మించి వాడితే బ్యాటరీ చస్తుంది కాబట్టి చేతికొచ్చేది 2.4. ఒక టన్ను ఏసీ గంటకు దాదాపు ఒక యూనిట్ లాగుతుంది. ఇన్వర్టర్ తినేది పదో పదిహేనో శాతం. కలిపితే రెండు గంటలు. ఎండలో నిలబెట్టిన బండిలో కంప్రెసర్ ఆగదు గనక ఆ రెండు గంటలు కూడా రావు.

ఇంజన్ ఆన్‌లో పెట్టి చార్జ్ చేద్దామంటారు. బండి నిలబడి ఇంజన్ తిరుగుతుంటే, దాంతో తిరిగి కరెంటిచ్చే ఆల్టర్నేటర్ తన పూర్తి కరెంటు ఇవ్వదు, ఏసీ లాగేదానికే సరిపోదు. జనరేటర్ పెడితే పొగ. పక్క బండిలో కిటికీ తీసుకుని పడుకున్నోళ్ళకి కార్బన్ మోనాక్సైడ్ పోతుంది, దానికి వాసన కూడా ఉండదు. నేను లాడ్జికే.

కావలి రైల్వేగేటు:
లాడ్జి.

పెన్నాగట్టు:
డీజిల్ అన్నా, బ్యాటరీ మీద నాలుగు రోజులు ఉందామని ఎవరన్నారు? ఒత్తకడై వైపు కాంపౌండ్ ఉన్న కల్యాణ మండపం ఒకటి మాట్లాడి అయిదు బండ్లూ లోపల పెడతాం. 16 ఆంపియర్ ప్లగ్గు నుంచి బండికొక లైను. బోరు నీళ్ళు, మండపం బాత్రూములు కూడా ఉంటాయి.

దర్శి డీజిల్:
మండపంలో అయిదు ఏసీలు ఒకేసారి ఆన్ చేస్తే ఆ వైరింగ్ తట్టుకుంటుందా? ఒక ఫేజ్ మీద అయిదూ వేస్తే లోడు ఎక్కువై ఎంసీబీ స్విచ్ పడిపోయి కరెంటు ఆగుతుంది. మూడు ఫేజుల మీద రెండు, రెండు, ఒకటి పంచాలి. వైరు 2.5 స్క్వేర్ మిల్లీమీటర్ అయితే ఇరవై మీటర్లు దాటకూడదు, దాటితే 4 స్క్వేర్. చుట్ట చుట్టిన వైరు అట్టాగే వాడితే వేడెక్కి కరిగిపోతుంది, పూర్తిగా విప్పి పరవాలి. ఎర్త్ లేని ప్లగ్గు అయితే బండి బాడీ మీదికి షాకొస్తుంది, వానపడ్డ నేల మీద నిలబడి తలుపు పట్టుకున్నోడికి అదే ఆఖరు. పైగా చిత్తిరైలో తమిళనాడులో పెళ్ళిళ్ళు. మండపం దొరుకుతుందని ఎట్టా నమ్మకం?

పొదలకూరు నిమ్మకాయ:
బాడుగ బండికి తెల్ల బోర్డు ఉంటే ఎక్కకండి. ప్రైవేటు రిజిస్ట్రేషన్ బండిని బాడుగకి తిప్పకూడదు, రేపు ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాడు చేతులెత్తేస్తాడు. పసుపు బోర్డు, ఆల్ ఇండియా టూరిస్ట్ పర్మిట్, ఎక్కేవాళ్ళ జాబితా బండిలో ఉండాలి. ఆర్సీలో మోటార్ కారవాన్ అని ఉందో లేదో చూడండి. మామూలు వ్యాన్ కొని లోపల మంచాలు బిగించినవీ తిరుగుతున్నాయి.

కందుకూరు కోడలు:
ఏసీ, వైరు, బోర్డు. ఇంతసేపూ మాట్లాడింది మగాళ్ళే. వయసైన ఆడోళ్ళు ఇట్టాంటి తిరునాళ్ళలో ఏం చేస్తారో తెలుసా? బాత్రూమ్ దొరకదని ముందురోజు నుంచే నీళ్ళు తాగడం మానేస్తారు. నలభై డిగ్రీల ఎండలో అది కళ్ళు తిరిగి పడిపోయే సంగతి. దారి పొడుగునా మజ్జిగ, పానకం పంచుతుంటారు, మనోళ్ళు తీసుకోరు. అందుకని నేను కారవాన్‌కే ఓటేస్తా.

ఒక షరతు. వంటగది ఉంది కదా అని ఇరవై రెండు మందికి టిఫిన్లు, భోజనాలు ఆడోళ్ళ మీద వేస్తే ఒప్పుకోను. అందులో ఉండేది రెండు బర్నర్లు. 14.2 కిలోల ఇంటి సిలిండర్ బండిలో పెట్టనివ్వద్దు, 5 కిలోల చిన్నది చాలు. గ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే కింద చేరుతుంది. సిలిండర్ అరలో నేలకి బయటికి పోయే రంధ్రం ఉందా అని చూడాలి. టీ, పాలు, పెద్దోళ్ళకి జావ, అంతవరకే. మిగతాది బయట.

పెన్నాగట్టు:
వదినా, మీ మాటే నా మాట. వంట పెట్టుకోవద్దు.

ఎల్లోబోర్డు:
నడిపేవాడిగా చెప్తున్నా. నెల్లూరు నుంచి మధురైకి ఒక వైపే దాదాపు 630 కిలోమీటర్లు. చెన్నైలోకి పోకూడదు, రెడ్‌హిల్స్‌కి ముందే ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి వండలూరులో దిగాలి. అక్కడ్నుంచి చెంగల్పట్టు, తిండివనం, విల్లుపురం, ఉళుందూరుపేట, తిరుచ్చి, మేలూరు. కారవాన్ లోపల సామాను బరువు, ఎత్తు. గాలికి ఊగుతుంది. సగటున 55 దాటదు. పన్నెండు గంటలు. 1961 నాటి మోటారు కార్మికుల చట్టంలో రోజుకు ఎనిమిది గంటలే పని, అయిదు గంటలు నడిపితే అరగంట విశ్రాంతి అని ఉండేది, మనం ఆ లెక్కే పాటించాలి. ఒకే డ్రైవరైతే విల్లుపురం దగ్గర రాత్రి ఆగాలి.

అయిదు బండ్లూ ఒకదాని వెనక ఒకటి అంటుకుని పోవద్దు. మధ్యలో దూరిన లారీ బ్రేకేస్తే వెనకోడికి కనపడదు. విడివిడిగా పోయి, ముందే అనుకున్న బంకు దగ్గర కలవాలి. పైన ఏసీ పెట్టిన బండి ఎత్తు మూడు మీటర్లకి వస్తుంది. టేపు పెట్టి కొలిచి, ఆ అంకె అద్దం మీద రాసుకోవాలి. ఊళ్ళల్లో రైల్వే బ్రిడ్జి కింద దారుల్లో పనికొస్తుంది.

అళగర్ కోవెల రోడ్డులో మాత్రం బండి పెట్టొద్దు. స్వామి కోవెల నుంచి ఊళ్ళోకి దాదాపు ఇరవై కిలోమీటర్లు ఆ రోడ్డు మీదే వస్తాడు, దారి పొడుగునా మండపాల్లో ఆగుతూ. వెళ్ళేటప్పుడూ అదే దారి. ఇరుక్కుంటే రోజుల తరబడి బండి కదలదు. ఒత్తకడై మంచిదే, మేలూరు రోడ్డు గనక మాట్టుతావణి బస్టాండుకి బస్సులు ఉంటాయి. అక్కడ్నుంచి తల్లాకుళం మూడు నాలుగు కిలోమీటర్లు నడక, ముసలోళ్ళకి ఆటో ఎంతవరకు వదిలితే అంతవరకు. ఏట్లో ముందుకి పోవద్దు. 2022లో అక్కడే తొక్కిసలాటలో ఇద్దరు చనిపోయారు.

ఇంకొకటి. ఎవరూ అడగలేదు. కారవాన్ బాత్రూమ్ కింద క్యాసెట్ ఉంటుంది, అంటే మలమూత్రాలు చేరే పెట్టె, బయటికి లాగి ఖాళీ చేయాలి, 18, 20 లీటర్లు. అయిదుగురు వాడితే ఒక్క రోజుకే నిండుతుంది. అయిదు బండ్లకి నాలుగు రోజులు. ఎవరు ఖాళీ చేస్తారు?

పెన్నాగట్టు:
అది బండితోపాటు వచ్చే మనిషి చూసుకుంటాడు. డ్రైవర్ బత్తా మామూలు కన్నా ఎక్కువే ఇస్తాం.

దర్శి డీజిల్:
ముందు ఏసీకి జవాబు చెప్పండి.

ఎల్లోబోర్డు:
పెన్నాగట్టు గారూ, బత్తా బండి నడిపినందుకు. ఎవరి క్యాసెట్ వాళ్ళు ఎందుకు తీయకూడదు?

పెన్నాగట్టు:
డబ్బులిచ్చి బండి తీసుకునేది సౌకర్యం కోసం. తిరునాళ్ళకి స్నానం చేసి మడిగా వెళ్ళే పెద్దోళ్ళున్నారు. ఇందులో తప్పేముంది? ఇష్టం లేకపోతే ఇంకో డ్రైవర్ని మాట్లాడుకుంటాం. లోకంలో అందరూ చేయించేదే.

పొదలకూరు నిమ్మకాయ:
2013 చట్టం ఒకటుంది. మనిషి చేత మలం ఎత్తించడం నేరం.

ఒంగోలు పంతులు:
ఆ చట్టం పాతకాలం మరుగుదొడ్ల గురించి. క్యాసెట్ మూసి ఉండే పెట్టె. రెండూ ఒకటి కాదు.

పొదలకూరు నిమ్మకాయ:
పెట్టె మూసి ఉంటే మీరే తీయండి పంతులూ.

కందుకూరు కోడలు:
ఇప్పుడు అసలు సంగతి బయటపడింది. కారవాన్ బాగుంటుందని అందరం అన్నాం, అందులో ఒక పని ఎవరిదో మాట్లాడకుండానే అన్నాం. వంట ఆడోళ్ళు చేస్తారని ఎట్టా అనుకున్నారో, ఇది డ్రైవర్ చేస్తాడని అట్టాగే అనుకున్నారు. మా అత్తమ్మ వాడిన క్యాసెట్ తియ్యాల్సింది మా ఇంటోళ్ళు. ఎవరో ఒకరి కొడుకు కాదు.

దర్శి డీజిల్:
నేను లాడ్జి అంటున్నది ఏసీ కోసమే కాదు, అదీ చెప్తా. పోయినేడు ఇట్టాంటి గుంపు ప్రయాణంలో క్లీనర్ కుర్రాడి చేత ఇదే చేయించారు. చేతికి తొడుగు లేదు. భోజనాలప్పుడు ఆ పిల్లోణ్ణి విడిగా కూర్చోబెట్టారు. ఆ పని చేశాడు కదా, అందుకని అన్నారు. పక్క ప్లేటు దగ్గర నేనున్నా. ఆ గుంపులో పెద్దలు ఈ వేదికలోనూ ఉన్నారు. లాడ్జిలో అయితే కనీసం పైపు లాక్కుపోతుంది.

కావలి రైల్వేగేటు:
అన్నా, ఇది మొదటి రోజే చెప్పాల్సింది.

పెన్నాగట్టు:
డీజిల్ అన్నా, ఆ గుంపులో నేను లేను. నన్ను దాంట్లో కలపొద్దు. నేను ఎవర్నీ విడిగా కూర్చోబెట్టను.

ఎల్లోబోర్డు:
మీరు కూర్చోబెట్టరు. కానీ పని మాత్రం వాడిదే అంటున్నారు. గొడవ అక్కడే ఉంది.

పని పెద్దది కాదు. పద్ధతి రాస్తున్నా, ఎవరన్నా చేయొచ్చు. క్యాసెట్ నోటికి అడ్డంగా ఉండే పలక పూర్తిగా మూసి, మూసిందో లేదో చూడాలి, సగం తెరిచి లాగితే అది విరుగుతుంది, మొత్తం కారుతుంది. రబ్బరు తొడుగులు, మాస్కు. నిండిన పెట్టె ఇరవై కిలోలు దాటుతుంది గనక చివరిదాకా ఆగకుండా మూడొంతులకే తీయాలి. మండపంలో కమోడ్ ఉంటే అందులోనే పోయాలి, నేలమట్టం దొడ్డిలో అయితే మూతి దగ్గరగా పెట్టి నెమ్మదిగా వంచాలి. పోసేటప్పుడు గాలి బటన్ నొక్కి పట్టుకుంటే చిమ్మదు. ఆ తర్వాత రెండు మూడు లీటర్ల నీళ్ళు పోసి ఊపి మళ్ళీ పారబోయాలి. లోపల రెండు లీటర్ల నీళ్ళు, మందు వేసి బిగించాలి. ఫార్మాలిన్ ఉన్న నీలం మందు వద్దు, సెప్టిక్ ట్యాంకులో కుళ్ళబెట్టే పురుగుని చంపుతుంది, మండపం వాడు మళ్ళీ రానివ్వడు. బ్లీచింగ్ అసలు వేయొద్దు, మూత్రంతో కలిస్తే ఊపిరాడని గ్యాస్ వస్తుంది. రబ్బరు సీలుకి వాజలిన్ రాస్తే ఉబ్బి పాడవుతుంది, సిలికాన్ రాయాలి. సైడు కాలవలో పోయడం, ఏట్లో పోయడం కుదరదు. అళగర్ దిగే ఏరు అది. పది నిమిషాల పని.

ఒంగోలు పంతులు:
పెద్దోళ్ళు చేయలేరు కదా?

ఎల్లోబోర్డు:
పెద్దోళ్ళని ఎవరడిగారు? ఇరవై రెండులో ఏడుగురు తీసేస్తే పదిహేను మంది ఉన్నారు.

పెన్నాగట్టు:
సరే. వంతులు పెడదాం. బండికి ఇద్దరు, రోజుకి ఒకరు. పేర్లు ఇక్కడే రాయండి. డ్రైవర్లకి మనతోనే భోజనం, మండపంలో విడిగా గది, రాత్రి నిద్ర. పేరు రాయనోళ్ళకి కారవాన్‌లో పడక లేదు, వాళ్ళకి టెంపో, లాడ్జి. అప్పుడు అయిదు కాదు, మూడు కారవాన్లు చాలొచ్చు. మూడు ఏసీలకి ఫేజుకొకటి.

కందుకూరు కోడలు:
మా ఆయన పేరు, మా మరిది పేరు రాయండి. నేను కూడా చేస్తా, కానీ ఆడోళ్ళ పేర్లే ముందు రాసుకోవద్దు.

ఒంగోలు పంతులు:
మా ఇంట్లో ఒప్పుకోరు. మా ముగ్గురికీ లాడ్జి చూడండి.

కావలి రైల్వేగేటు:
నా పేరు రాయండి.

దర్శి డీజిల్:
నాదీ రాయండి, రెండో బండిలో. అడ్వాన్సు ఇచ్చే ముందు మాత్రం మూడు బండ్ల బ్యాటరీ లేబుళ్ళ ఫొటోలు, మండపం మీటర్ బోర్డు ఫొటో ఇక్కడ పెట్టండి. త్రీ ఫేజ్ అయితేనే వస్తా.