లేయా బొమ్మకి డూప్లికేట్ కేప్ తొడిగితే అది కంప్లీట్ అవుతుందా?

బీరువాలో_బొమ్మలు:
అందరికీ నమస్తే. స్టార్ వార్స్ సినిమాలోని లేయా బొమ్మ, 1978 కెన్నర్ బొమ్మల కంపెనీ వాళ్ళది, మూడుముప్పావు అంగుళాలది, మొత్తానికి దొరికింది. మా తోడల్లుడు అమెరికా నుంచి వస్తూ బట్టల మధ్యలో పెట్టుకొచ్చాడు. లూజ్ పీస్, అంటే ప్యాకింగ్ లేకుండా విడి బొమ్మ. భుజాల మీంచి వేసే కేప్ ఉంది, గన్ ఉంది, అన్నీ ఒరిజినలే అని అమ్మినాయన రాశాడు, ఏడున్నర వేలు పడింది. బొమ్మ వరకు నాకు డౌట్ లేదు, కాలి వెనక జీఎంఎఫ్‌జీఐ 1977, హాంకాంగ్ అని ముద్ర క్లియర్‌గా ఉంది. మెడ గట్టిగానే ఉంది కానీ కాళ్ళు వదులు, నిలబెడితే తూలుతోంది, జుట్టు ముడి మీద ఒకవైపు రంగు లేచింది. గౌను పాత ఫ్రిజ్ తలుపు రంగుకొచ్చింది, దాని మీద కేప్ మాత్రం ఉజాలా పెట్టి ఉతికినట్టు ధగధగా తెల్లగా ఉంది! అక్కడే నాకు అనుమానం మొదలైంది. అది రెప్రో, అంటే తర్వాత ఎవరో చేసిన నకలు అయితే తీసేసి బొమ్మని ఒట్టిగా పెట్టుకోవాలా, ఉంచేయాలా? మీరేమంటారు?

చార్మినార్_చూయీ:
ఫొటో చూసిన అన్నా. నాకైతే రెప్రో లెక్కనే కొడుతుంది. తీసెయ్. డూప్లికేట్ ముక్క తొడిగినంక అది కంప్లీట్ ఎట్లయితది? ఇయ్యాల నువ్వు తెలిసే పెట్టుకుంటవ్, పదేండ్లకు అమ్ముతవ్, కొన్నోడు ఇంకోనికి అమ్ముతడు, మూడో చేతికి పోయేసరికి అది ఒరిజినల్ అయి కూసుంటది. జావా అనే ఇంకో స్టార్ వార్స్ బొమ్మ సంగతి యాదికి లేదా? మొదట వినైల్, అంటే మెత్తటి ప్లాస్టిక్ షీటు కేప్‌తోని వచ్చి తర్వాత గుడ్డ కేప్‌కు మారింది కదా, ఆ వినైల్ జావాకు రేటు పెరిగిందని ఓబీ వాన్ బొమ్మ కేప్‌లు కత్తిరించి దానికి తొడిగి అమ్మిన్రు. గిట్లనే మొదలైతది ఏదైనా.

గుంటూరు_సోలో:
చూయీ బ్రో, ఆవేశం ఆపి ఒక్క ప్రశ్నకి సమాధానం చెప్పు. సినిమాలో లేయా కేప్ వేసుకున్న సీన్ ఎక్కడుంది? 1977 సినిమా నేను లెక్కపెట్టనన్ని సార్లు చూశా, ఈ వేషంలో ఆవిడ వేసుకుంది తెల్ల గౌను, దానికి వెనక తలమీదకి కప్పుకునే ముసుగు, అంతే. ఆ కేప్ బొమ్మల కంపెనీ వాళ్ళు తగిలించింది. అంటే సినిమాతో పోల్చి చూస్తే 1978లోనే అది డూప్లికేట్. ఇప్పుడు మనం డూప్లికేట్‌కి డూప్లికేట్ తొడగొచ్చా లేదా అని కొట్టుకుంటున్నాం 😂 కేప్ తీసేస్తే నిజానికి బొమ్మ సినిమాకి ఇంకా దగ్గరవుద్ది, మీరేమో అప్పుడు అసంపూర్ణం అంటారు.

చార్మినార్_చూయీ:
మాట మార్చకు. మనం జమ చేస్తున్నది సినిమాను కాదు, బొమ్మను. కెన్నరోడు ఏం పెట్టి అమ్మిండో గదే లెక్క.

ఎడిసన్_అక్క:
ఇద్దరూ కాస్త ఆగండి. తమ్ముడూ, తెల్లగా ఉంది కాబట్టి రెప్రో అని తేల్చేయకు. బొమ్మ ఒళ్ళు గట్టి ప్లాస్టిక్, కేప్ మెత్తటి వినైల్ షీటు, రెండూ ఒకేలా ముసలివి కావు. కేప్‌ని ఎవరో యాభయ్యేళ్ళు డబ్బాలో దాచి బొమ్మని మాత్రం కిటికీలో పెట్టి ఉండొచ్చు కూడా. నా దగ్గర చిన్నప్పటి నుంచి ఉన్న లేయా ఒకటి ఉంది, దాని కేప్ ఇప్పటికీ తెల్లగానే ఉంది, కాకపోతే చెయ్యి దూర్చే కన్నం దగ్గర చిరిగింది. చూడాల్సింది మందం, మెరుపు, అంచు ఎలా కోశారు అనేవి. అదీ ఫొటోలో కుదరదు, నిజమైనది పక్కన పెట్టి వేళ్ళతో పట్టుకుని చూడాల్సిందే. డిసెంబర్లో హైదరాబాద్ వస్తున్నా, నాది తెస్తాను.

ఇంకోటి, మీరంతా కేప్ దగ్గరే ఆగిపోయారు. బొమ్మకి విలువ కట్టేటప్పుడు నేను మొదట చూసేది జుట్టు రంగు, తర్వాత కీళ్ళు, ఆ తర్వాతే సామాన్లు. కేప్ మార్చొచ్చు, లేచిపోయిన రంగుని ఎవరైనా బ్రష్‌తో దిద్దితే ఇక ఆ బొమ్మ నాకొద్దు.

కొలువు_మాస్టారు:
అమ్మా, దిద్దితే ఏమిటి తప్పు? మా ఇంట్లో సంక్రాంతి కొలువులో కొండపల్లి దశావతారాల సెట్టు మా నాయనమ్మ నాటిది. వామనుడి గొడుగు విరిగితే మా నాన్నగారు పొణికి చెక్కతో చెక్కి చింతగింజల మక్కుతో అతికించారు, రంగులు రెండుసార్లు వేయించాం. ఆ సెట్టు డూప్లికేట్ అని ఎవరూ అనలేదు. బొమ్మ ఇంట్లో ఉండాలంటే బాగుచేస్తూ ఉండాలి.

చార్మినార్_చూయీ:
మాస్టారూ మీ మీద గౌరవం ఉంది గానీ మీరు ఆ సెట్టును అమ్మరు కదా. అమ్మనిదానికి ఏం చేసినా మీ ఇష్టం. ఈడ అందరూ ఎప్పుడో ఒకప్పుడు అమ్ముతరు, అమ్మను అన్నోడే ముందు అమ్ముతడు.

గుంటూరు_సోలో:
అది మాత్రం నిజం, నేనే ఆ బాపతు.

పాత_డబ్బా:
గౌను మీద ఆ పసుపు పోగొట్టే ఉపాయం చెప్తా. పార్లర్లలో జుట్టుకి వాడే పెరాక్సైడ్ క్రీం పూసి, కవర్ చుట్టి, మన ఏప్రిల్ ఎండలో పెడితే సాయంత్రానికి తేడా తెలుస్తుంది. అప్పుడు గౌను, కేప్ రెండూ ఒకే తెలుపులోకి వస్తాయి, గొడవే ఉండదు.

ఎడిసన్_అక్క:
దయచేసి చేయకు తమ్ముడూ. పసుపు కొన్నాళ్ళకి మళ్ళీ వస్తుంది, మచ్చలు మచ్చలుగా తెల్లబడితే ఇంకా అసహ్యం, రంగు వేసిన తల మీద క్రీం పడితే ఉన్న జుట్టు కూడా పోతుంది.

బీరువాలో_బొమ్మలు:
ఎండలో పెట్టను అక్కా, మాటిస్తున్నా. అమ్మినాయనకి మెసేజ్ పెడితే "నా దృష్టిలో ఒరిజినలే" అన్నాడు, ఆ "నా దృష్టిలో" దగ్గరే నాకు అర్థమైపోయింది. ఒరిజినల్ కేప్ విడిగా కొందామంటే అడుగుతున్న రేటుకి ఇంకో ఒట్టి లేయా వస్తుంది. పార్సిల్ పెట్టిద్దామంటే కస్టమ్స్ భయం. బొమ్మల మీద సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పోయాక నేను పోస్టులో తెప్పించడమే మానేశా, తోడల్లుడి సూట్‌కేసే దిక్కు.

గుంటూరు_సోలో:
అందుకే చెప్తున్నా ఉంచెయ్ బాసూ. ముఖం చూసుకున్నా అంతేగా, రెండు చుక్కలు, ఒక గీత, అందులో లేయాగా నటించిన క్యారీ ఫిషర్ పోలిక ఎక్కడుంది? చెవుల పక్కన ఆ రెండు జుట్టు ముడులు చూసి లేయా అని గుర్తుపడతాం. 1995లో పోలిక తెస్తామని కొత్తగా చెక్కారు, దానికి అక్కడి ఫ్యాన్సే కోతిమొహం లేయా అని పేరు పెట్టారు. బొమ్మలో నిజాయితీ వెతకడం మొదలుపెడితే ఏదీ మిగలదు. దాన్ని తయారుచేయించింది ఎవరనుకున్నావ్, అప్పట్లో కెన్నర్ ఓనర్లు జనరల్ మిల్స్, కాలి మీద జీఎం అంటే అదే. మన కిరాణా కొట్లో పిల్స్‌బరీ ఆటా అమ్మేది వాళ్ళే. 1977 క్రిస్మస్‌కి బొమ్మలు రెడీ కాలేదని ఒట్టి అట్ట కవరులో సర్టిఫికెట్ పెట్టి అమ్మారు, లేయాతో కలిపి నాలుగు బొమ్మలు తర్వాత పోస్టులో వచ్చాయి. లేని బొమ్మనే అమ్మినోళ్ళ దగ్గర మనం కేప్ స్వచ్ఛత గురించి మాట్లాడుతున్నాం.

చార్మినార్_చూయీ:
ఆళ్ళు లేదని చెప్పి అమ్మిన్రు, పైసలు తీసుకుని తర్వాత పంపిన్రు. ఈయనకు ఉన్నదని చెప్పి లేనిది అంటగట్టిన్రు. రెండూ ఒకటేనా?

ఎడిసన్_అక్క:
చూయీ ఈసారి కరెక్ట్. తమ్ముడూ, నా మాటగా ఇలా చెయ్యి. రెప్రో అని తేలితే కేప్ ఉంచుకో, షెల్ఫులో చూడ్డానికి బాగుంటుంది, కానీ లోపలివైపు పర్మనెంట్ పెన్నుతో చిన్నగా ఒక చుక్క పెట్టు. రేపు అది ఎవరి చేతికెళ్ళినా తెలుస్తుంది.

చార్మినార్_చూయీ:
చుక్క పెడితే నాకు ఓకే. పెట్టకపోతే మాత్రం ఈడ అమ్మకానికి పెట్టినప్పుడు నేనొచ్చి కామెంట్ రాస్తా, ముందే చెప్తున్న.

పాత_డబ్బా:
గన్ సంగతి ఎవరూ అడగలేదేంటి? కేప్ డూప్లికేట్ అయితే గన్ కూడా అదే బాపతు అయ్యుండొచ్చుగా. గ్లాసు నీళ్ళలో వెయ్యి, ఒరిజినల్ తేలుతుంది, రెప్రో మునుగుతుంది అంటారు.

ఎడిసన్_అక్క:
అంటారు గానీ నమ్మలేం. తేలే రెప్రోలు కూడా ఉన్నాయి.

బీరువాలో_బొమ్మలు:
అక్క మెసేజ్ చూడకముందే వేసేశా. రెండు నిమిషాలు తేలింది, మా పాప గ్లాసు కదిపింది, మునిగింది. ఇప్పుడు దీన్ని ఏమనాలి?