స్కుల్ప్‌సిట్‌ను ‘చెక్కెను’ అంటే సరిపోతుందా?

ప్రశ్న: 17వ శతాబ్దపు డచ్ ముఖచిత్రాల (పోర్ట్రెయిట్ల) మీద తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. అచ్చుబొమ్మల కింద సన్నటి అక్షరాల్లో లాటిన్ మాటలుంటాయి: పింక్సిట్, స్కుల్ప్‌సిట్, ఎక్స్‌కూడిట్. రంగుల్లో వేసిందెవరు, రాగిరేకు మీద చెక్కిందెవరు, అచ్చు వేయించిందెవరు అని. డెల్ఫ్ట్ ఊళ్లో మీరెవెల్ట్ వేసిన ముఖాలను ఆయన అల్లుడు విల్లెం డెల్ఫ్ చెక్కేవాడు. ఆరెంజ్ వంశపు దొరల ముఖాలు అలాగే జనం ఇళ్లకు చేరాయి. కానీ ‘చెక్కెను’ అనగానే రాతి శిల్పం గుర్తొస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: ‘చెక్కెను’ ఉంచేయండి మేడమ్. తామ్రశాసనాలున్న భాషకి రాగిరేకు మీద చెక్కడం కొత్తా? ఒక్కటే తేడా. శాసనంలో రేకునే చదువుతాం కాబట్టి అక్షరం సూటిగా ఉంటుంది. అచ్చురేకు మీద అంతా అద్దంలోలా తిరగేసి చెక్కాలి. గీతల్లో సిరా నింపి, పైపైన తుడిచి, తడి కాగితం వేసి నొక్కుతారు.

ఇంకో జవాబు: మాస్టారూ, డెల్ఫ్‌కి సరే, రెంబ్రాంట్ దగ్గర చిక్కొస్తుంది. 1635లో ఆయన చేసిన, ఉయిటెన్‌బోగార్ట్ అనే మతబోధకుడి బొమ్మ ప్రధానంగా పూత పూసిన రేకు మీద సూదితో గీసి, ఆమ్లంతో కొరికించినది. అక్కడ ‘గీసెను’ అనాలి.

నా మనసు మాత్రం ఆ బొమ్మ కింది నాలుగు పాదాల లాటిన్ పద్యం మీదే ఉంది. రాసింది డచ్ న్యాయకోవిదుడు హ్యూగో గ్రోషియస్. భావం ఇది: భక్తులూ సైనిక శిబిరాలూ మెచ్చినవాడు, ఎన్నో ఆటుపోట్లు పడ్డవాడు, హేగ్ నగరమా, ఇదిగో నీ ఉయిటెన్‌బోగార్ట్ తిరిగొస్తున్నాడు. చివరి మాట ‘రెడిట్’, అంటే ‘తిరిగొస్తున్నాడు’ (మన ఫోన్లలో ఉండేది కాదు లెండి).

1618-19 డోర్డ్రెక్ట్ మత మహాసభ ఓడించిన పక్షానికి ఉయిటెన్‌బోగార్ట్ పెద్ద. దేశం విడిచి పారిపోయి, 1626లో వెనక్కి వచ్చాడు. అదే గొడవలో గ్రోషియస్‌కు యావజ్జీవ ఖైదు పడింది. 1621లో పుస్తకాల పెట్టెలో దాక్కుని కోట దాటాడు. ఈ బొమ్మ వచ్చేనాటికి ఆయన పారిస్‌లో స్వీడన్ రాయబారి, సొంత దేశంలో చోటు లేదు. స్నేహితుడి గురించి ‘తిరిగొస్తున్నాడు’ అని రాసినవాడు తను తిరిగి వెళ్లలేనివాడు.

ప్రశ్న అడిగినవారు: అయితే డెల్ఫ్ చెక్కెను, రెంబ్రాంట్ గీసెను. ఎక్స్‌కూడిట్ సంగతి మాత్రం ఇంకా తేలలేదండీ. ‘ప్రకటించెను’ అంటే మరీ పేపర్ యాడ్‌లా ఉంది.